పద్నాలుగో పేరా

2006 జూన్ నెల. ఢిల్లీలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఎండలు. నేను అప్పుడు కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఒకదానిలో స్టెనోగ్రాఫర్‌గా ఉన్నాను. పొరుగు దేశాలతో ఆరోగ్య వ్యవహారాలు నడిపే సెక్షన్ మాది. తెనాలిలో డిగ్రీ చదువుతూనే టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకుని, పరీక్ష రాసి, ఇరవై రెండేళ్ళకే రైలెక్కి వచ్చినవాణ్ణి. మా ఇన్‌స్టిట్యూట్‌లో నా పక్కన కూర్చుని టైపు మిషను కొట్టినవాళ్ళలో సగం మంది చివరికి ఢిల్లీ కార్యాలయాల్లోనే తేలారు. కాపురం ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో. నా భార్య సువర్ణ ఒక పెద్ద ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. ఆమె లేకపోతే ఈ సంగతి నాకు సగమే అర్థమయ్యేది.

స్టెనో అంటే అధికారి చెప్పింది రాసుకుని టైపు కొట్టేవాడని చాలామంది అనుకుంటారు. మా సెక్షన్‌లో అసలు విద్య వేరు. మినిట్స్ రాయడం. అంటే, సమావేశంలో ఏం జరిగిందో చెప్పే అధికారిక కాగితం. దాని మీద అన్ని దేశాల ప్రతినిధి బృందాల నాయకులూ సంతకం పెడతారు. సంతకం పడ్డాక జరిగింది అదే. నిజంగా జరిగింది ఏదైనా సరే, ఇక దానికి విలువ లేదు. మా అండర్ సెక్రటరీ వర్మ సాబ్ కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్పేవారు: "మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తే దాన్ని మినిట్స్ అనరు బేటా, ఝగడా అంటారు."

ఈ కాగితాలకు ఒక భాష ఉంది. 'నోటెడ్' అని రాస్తే, విన్నాం, ఏమీ చెయ్యం అని అర్థం. 'కన్సర్న్' అంటే కొంచెం కంగారు పడ్డాం. 'ఎక్స్‌ఛేంజ్డ్ వ్యూస్', అభిప్రాయాలు పంచుకున్నారు అంటే, ఎవరో ఏదో గట్టిగానే అన్నారు, అది కాగితం మీద పెట్టడం కుదరదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఆ విద్యలో నాకు చాలా మంచి పేరుండేది. పక్క సెక్షన్లవాళ్ళు ఇరుక్కున్న పేరాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. "ప్రసాద్ జీ, దీన్ని కాస్త నున్నగా చెయ్యండి" అనేవాళ్ళు. నేను చేసేవాణ్ణి. సంతోషంగా చేసేవాణ్ణి.

ఆ జూన్‌లో రెండు రోజుల సమావేశం జరిగింది. సరిహద్దులు దాటే అంటురోగాల మీద పొరుగు దేశాలన్నీ కలిసి పనిచేయడం గురించి. ఆ ఏడు అందరి నోటా బర్డ్ ఫ్లూ మాటే. వేదిక వెనక బ్యానర్ మీద కోడి బొమ్మ, దాని కింద రాబోయే మహమ్మారికి సిద్ధపడదాం అన్న నినాదం. మొదటిరోజు అజెండాలో చివరి నుంచి రెండో అంశం పిల్లలకు వచ్చే మెదడువాపు జ్వరం. అప్పటికి మధ్యాహ్నం మూడున్నర. భోజనాలయ్యాయి, ఏసీ చల్లగా ఉంది, సగం మంది కళ్ళు మూతలు పడుతున్నాయి.

పొరుగు దేశాల్లో ఒకదాని బృందంలో చివరి కుర్చీలో ఒక డాక్టరుగారు ఉన్నారు. ఆ దేశం పేరు చెప్పను. ఆవిడ పేరు నీలిమ అనుకుందాం. రాజధాని నుంచి రావలసిన పెద్ద అధికారికి ఒంట్లో బాగాలేక, ఆయన బదులు సరిహద్దు జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరైన ఈవిడను పంపారు. ఇలాంటి సమావేశాలకు వచ్చేవాళ్ళు మామూలుగా రోగుల మొహం చూసి ఇరవై ఏళ్ళయి ఉంటుంది. ఈవిడ చేతులకు ఇంకా స్పిరిట్ వాసన వస్తున్నట్టే ఉంది. తన వంతు రాగానే ముందు పెట్టిన కాగితం చూడకుండా మాట్లాడింది.

"మా ఆసుపత్రికి మెదడువాపు పిల్లలు ఏటా వానలు పడ్డాక వస్తారు. ఈసారి మే మూడో వారం నుంచే వస్తున్నారు. ఎప్పుడూ రాని ఊళ్ళ నుంచి వస్తున్నారు." మూడు ఊళ్ళ పేర్లు చెప్పింది. "ఈ మూడూ ఒకే కాలువ మీద ఉన్నాయి. ఆ కాలువ అక్కడి నుంచి మీ జిల్లాలోకే వస్తుంది. మా ఊళ్ళవాళ్ళు మీ సంతకు సైకిళ్ళ మీద వస్తారు, మీ వాళ్ళు మా సంతకు వస్తారు. దయచేసి మీ వైపు డాక్టర్లకు ఇవాళే చెప్పండి. జ్వరం వచ్చిన మొదటిరోజే పిల్లల్ని తీసుకురమ్మని ఊళ్ళలో చాటింపు వేయించండి. మూడో రోజు తెస్తే మనం ఏమీ చేయలేం."

నిద్రపోతున్నవాళ్ళు కూడా తలలెత్తారు. ఆవిడ బృందం నాయకుడు మైకు మీట మీద వేలు పెట్టి ఉంచారు, నొక్కలేదు. మన వైపు అధ్యక్షులు గొంతు సవరించుకుని, "విలువైన సమాచారం, ధన్యవాదాలు" అని తరువాతి అంశానికి వెళ్ళిపోయారు. నేను మొత్తం షార్ట్‌హ్యాండులో ఎక్కించాను. సాయంత్రం తయారైన డ్రాఫ్ట్‌లో అది పద్నాలుగో పేరా అయింది. ఊళ్ళ పేర్లతో సహా రాశాను. ఆ మాట మాత్రం నా తరఫున చెప్పుకోవాలి.

మర్నాడు పొద్దున్నే ఆ బృందం నాయకుడు డ్రాఫ్ట్ పట్టుకుని వర్మ సాబ్ గదికి వచ్చారు. పద్నాలుగో పేరా మొత్తానికీ అడ్డంగా గీత. తమ రాజధాని ఇంకా నిర్ధారించని విషయం అధికారిక కాగితంలో ఉండకూడదని ఆయన మాట. అందులో తప్పు పట్టడానికేం లేదు, నిబంధన అలాగే ఉంది. వర్మ సాబ్ కూడా తడుముకోలేదు. ఎందుకంటే తొమ్మిదో పేరాలో మనకు ఇబ్బంది పెట్టే మాట ఒకటి ఉంది. సరిహద్దుకు ఇవతల మన జిల్లాలో చాలా బ్లాకులకు, అంటే మండలాలకు, మెదడువాపు టీకా ఇంకా చేరనేలేదని మన అధికారే ఒకాయన ఏమరుపాటున ఒప్పుకున్నారు.

"వాళ్ళ పద్నాలుగు పోతుంది, మన తొమ్మిదిలో ఆ మాట పోతుంది. దోనో ఖుష్" అన్నారు వర్మ సాబ్, ఆయన వెళ్ళాక.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో రెండు దేశాలు అంత చప్పున ఒక మాట మీదికి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. సహకారం అంటే ఏమిటో నాకు కళ్ళారా చూపించారు.

అయితే పద్నాలుగో పేరా మొత్తం తీసేస్తే అంకెలు మారతాయి, అంశం ఖాళీగా కనబడుతుంది, పై అధికారులు ఎందుకని అడుగుతారు. "అక్కడ ఏదో ఒకటి పెట్టండి ప్రసాద్ జీ. ఎవరికీ గుచ్చుకోకూడదు" అన్నారు వర్మ సాబ్. నిలబడిన చోటే, నిమిషం పట్టలేదు నాకు. 'మెదడువాపు జ్వరానికి సంబంధించిన కాలానుగుణ పరిస్థితిపై ప్రతినిధులు అభిప్రాయాలు పంచుకున్నారు. ఇరువైపులా నిఘా సంతృప్తికరంగా కొనసాగుతున్నదని గమనించారు.' ఇంగ్లీషులో అది ఇంకా బాగుంటుంది. వర్మ సాబ్ చదివి, కళ్ళజోడు తీసి, "క్యా బాత్ హై. ఈ కుర్చీలో నేను కూర్చున్నాను గానీ కలం మాత్రం మీదే" అన్నారు. నేను పొంగిపోయాను. దాచుకోవడమెందుకు, ఆ రోజు మధ్యాహ్నం భోజనం నేను చాలా ఇష్టంగా తిన్నాను.

తిని వచ్చేసరికి నీలిమగారు నా టేబుల్ దగ్గర నిలబడి ఉన్నారు. సంతకాలకు ఇంకా గంట ఉంది.

"భాయ్‌సాబ్, నేను చెప్పిన వారం, ఊళ్ళు, అవి కాగితంలో ఉన్నాయా?"

"అది పెద్దవాళ్ళు మాట్లాడుకుని సవరించారు మేడమ్" అని కొత్త పేజీ ఇచ్చాను.

ఆవిడ నిలబడే చదివింది. రెండోసారి చదివింది. "కనీసం ఈ ఏడు ముందుగా మొదలైంది అన్న ఒక్క మాటైనా పెట్టలేరా? ఊళ్ళ పేర్లు వద్దులెండి."

"నా చేతిలో ఏమీ లేదు మేడమ్. నేను స్టెనోని."

"రాసింది ఎవరు?"

నేను టేబుల్ మీది కాగితాలు సర్దాను. ఆవిడకు అర్థమైంది. కాగితం నా టేబుల్ మీద జాగ్రత్తగా పెట్టి, "చాలా అందంగా రాశారు. ఇది చదివినవాడు హాయిగా నిద్రపోతాడు" అంది. వెటకారం లేదు ఆ గొంతులో. నీరసం ఉంది.

నా చేతిలో లేదన్నది పూర్తి నిజం కాదు. కాగితం మార్చే అధికారం నాకు లేదు, నిజమే. కానీ నా టేబుల్ మీద ఫోను ఉంది. వర్మ సాబ్ గది నాలుగు అడుగుల దూరంలో ఉంది. "సర్, మినిట్స్‌లో వద్దు, ఊరికే మన జిల్లా డాక్టరుకు నోటిమాటగా చెప్పిద్దామా?" అని అడిగి ఉండొచ్చు. ఆయన చెడ్డవారు కాదు, బహుశా సరే అనేవారు. కాగితంలోంచి తీసేసిన మాటను నోటితో చెప్పకూడదని ఏ రూల్లోనూ లేదు. మా ఆఫీసులో పెరిగినవాడికి ఆ ఆలోచనే రాదు. మినిట్స్‌లో లేనిది జరగనే లేదు. జరగనిదాని గురించి ఎవరికి ఫోను చేస్తాం? భయపడి ఊరుకున్నానంటే కొంత గౌరవంగా ఉండేది. నాకు భయం వేయలేదు. అసలు తోచలేదు.

సంతకాలయ్యాయి, గ్రూప్ ఫొటో అయింది, సమోసాలు తిన్నాం. మినిట్స్ కాపీలు రాష్ట్రాలకు, అక్కడి నుంచి సరిహద్దు జిల్లాలకు వెళ్ళాయి. పద్ధతి ప్రకారం నా షార్ట్‌హ్యాండు పుస్తకంలో ఆ పేజీలు చింపి పారేశాను. సంతకం పడ్డాక ముడి రాతలు ఉంచకూడదు.

ఆగస్టు నెలలో ఒక రోజు సువర్ణ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా సోఫాలో కూలబడింది. పద్దెనిమిదేళ్ళుగా పిల్లల వార్డులో చేస్తున్న మనిషి. ఇంటికి ఆసుపత్రి మాటలు తేదు.

"ఏవండీ, ఇయ్యాల ఒక పిల్లను తెచ్చారు. ఆరేళ్ళుంటాయేమో. అక్కడెక్కడో బోర్డరు కాడ నుంచంట, వాళ్ళ నాన్న రైల్లో ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చాడు. మెదడువాపు. ఫిట్స్ తగ్గినయ్ గానీ మనిషిని గుర్తుపట్టట్లా. అతనేమో గంటకోసారి వచ్చి, దీదీ, ఇప్పుడు చూడండి, ఇప్పుడు గుర్తుపడుద్దేమో అంటాడు. నేను చూళ్ళేకపోయానండీ."

ఏ జిల్లా అని అడిగాను. నీలిమగారు చెప్పిన కాలువ వచ్చి చేరే జిల్లా పేరే చెప్పింది. నా చేతిలో టీ కప్పు ఉంది. కింద పెట్టాను.

రెండు రోజుల తరువాత సువర్ణకు భోజనం ఇచ్చే వంకతో వార్డు దాకా వెళ్ళాను. ఆ తండ్రి వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు, పక్కన ప్లాస్టిక్ సంచిలో పిల్ల బట్టలు. జ్వరం ఎప్పుడు మొదలైందని అడిగాను. నన్ను ఆసుపత్రి మనిషి అనుకున్నాడేమో, లేవబోయాడు. కూర్చోమన్నాను.

"సోమవారం సాబ్. మామూలు జ్వరం అనుకున్నాం. షాపులో గోలీలు తెచ్చి వేశాం. బుధవారం కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలెట్టింది. అవతల ఊళ్ళలో పిల్లలు పోతున్నారని సంతలో అనుకుంటుంటే విన్నాం సాబ్. అది నిజం కాదన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ. సర్కారు వాళ్ళే అన్నారట."

నేను భోజనం డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఇంకేమైనా అడిగే ధైర్యం లేదు.

మేము ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్ళే చర్చిలో, ప్రార్థన అవసరతలు ఎవరివైనా ఉంటే లేచి చెప్పే అలవాటు ఉంది. ఆ ఆదివారం సువర్ణ లేచి ఆ పిల్ల పేరు చెప్పింది. అందరూ తలలు వంచారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించగానే అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు. దేవుడికి ఆ పిల్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, చెప్పవలసింది ఆ జిల్లా డాక్టరుకు. అది చెప్పే అవకాశం జూన్‌లో నా టేబుల్ దాకా నడిచొచ్చింది.

ఇంటికి వచ్చాక సువర్ణకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "జూన్ నెల్లోనే తెలిసిందంటే ఎన్ని రోజులు ముందు తెలిసినట్టండీ? ఈ జబ్బుకి మేము గంటలు లెక్కబెడతాం" అంది. అంతే. ఆ పూట వంట నేను చేశాను. ఆమె తినలేదు.

ఆ మూడు ఊళ్ళ పేర్లు గుర్తుచేసుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. రెండు గుర్తొచ్చాయి. మూడోది రాలేదు. రాసుకున్న పుస్తకం చింపింది నేనే. పత్రికల్లో ఆ జిల్లా పేరు రోజూ వస్తూనే ఉంది. మంచానికి ముగ్గురు పిల్లలు, సెలైన్ బాటిల్ పట్టుకుని నిలబడిన తల్లులు. పిల్లను ఆ తండ్రి సెప్టెంబరులో తిరిగి తీసుకెళ్ళిపోయాడు. ప్రాణం దక్కింది. మాట పోయింది. వెళ్ళేనాటికి కూడా తండ్రిని గుర్తుపట్టలేదని సువర్ణ చెప్పింది.

నవంబరులో అదే హాల్లో రెండో సమావేశం పెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన ప్రభుత్వాలకు కొత్త కాదు. ఈసారి సరిహద్దు జిల్లాల డాక్టర్లను కూడా పిలిచారు. అవతలి బృందంలో నీలిమగారు లేరు. మన వైపు నుంచి డాక్టర్ త్రిపాఠి అని, ఆ జిల్లా ఆరోగ్య అధికారి వచ్చారు. యాభై దాటిన మనిషి, మీద ఊలు కోటు, పాతది. ఆయన వంతు వచ్చినప్పుడు జేబులోంచి మడతలు పడిన కాగితం తీశారు. దూరం నుంచే గుర్తుపట్టాను. మా ఆఫీసు టైపు అది.

"జులై మొదటి వారంలో మా సంతలో ఒక మాట పుట్టింది. అవతల కాలువ పక్క ఊళ్ళలో పిల్లలు చనిపోతున్నారని. చెప్పింది సైకిళ్ళ మీద కూరగాయలు తెచ్చేవాళ్ళు. నేను పై అధికారిని అడిగాను. ఢిల్లీలో రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకున్న కాగితం ఉంది కదా, చదువుకో అన్నారు. చదివాను. నేను వెతికింది మెదడువాపు మాట కోసమే. పద్నాలుగో పేరాలో దొరికింది." ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. 'కాలానుగుణ పరిస్థితిపై ప్రతినిధులు అభిప్రాయాలు పంచుకున్నారు. ఇరువైపులా నిఘా సంతృప్తికరంగా...'

నేను రాస్తూనే ఉన్నాను. నా వాక్యాన్ని నేనే షార్ట్‌హ్యాండులో ఎక్కిస్తున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

"దీన్ని నమ్మాను" అన్నారు త్రిపాఠిగారు. "ఊళ్ళలో తిరిగి చెప్పడానికి సిద్ధంగా ఉంచుకున్న నా మనుషుల్ని వరద పనికి పంపేశాను. సంతలో ఆ మాట చెబుతున్నవాళ్ళను పుకార్లు పుట్టించవద్దని నేనే మందలించాను. సంత చెప్పింది నిజం. కాగితం చెప్పింది అబద్ధం. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి కాగితాన్ని నమ్మాను."

అధ్యక్షులు ధన్యవాదాలు చెప్పి తరువాతి అంశానికి వెళ్ళారు.

భోజన విరామంలో వర్మ సాబ్ నన్ను పక్కకు పిలిచారు. ఆయన మొహం కూడా వాడిపోయి ఉంది. అయినా అడగవలసింది అడిగారు. "ఆయన మాట్లాడింది అలాగే పెట్టలేం ప్రసాద్ జీ. ఏదైనా ఆలోచించండి."

"ఈసారి నా వల్ల కాదు సర్. మీరు చెప్పండి, టైపు చేస్తాను."

ఆయన కిటికీ వైపు తిరిగి, 'జిల్లా ప్రతినిధి తమ క్షేత్రానుభవాన్ని వివరించారు' అని చెప్పారు. నేను టైపు చేశాను. నేను నిరాకరించింది వాక్యం తయారు చేయడానికి మాత్రమే, ఉద్యోగానికి కాదు. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సాయంత్రం టీ సమయంలో త్రిపాఠిగారు ఒక్కరే గోడ పక్కన నిలబడి ఉన్నారు. దగ్గరికి వెళ్ళి, ఆ వాక్యం రాసింది నేనే అని చెప్పాను. ముందు అక్కడ ఏముందో, అది ఎలా పోయిందో, ఆ డాక్టరుగారు నన్ను ఏం అడిగారో అంతా చెప్పాను. కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, "ఏ ఊళ్ళు?" అని అడిగారు.

"రెండే గుర్తున్నాయి సర్." చెప్పాను.

"మూడోది?"

మూడోది ఆవిడనే అడగాలి. నా ఫైల్లో జూన్ సమావేశానికి వచ్చిన ప్రతినిధుల జాబితా ఉంది. పేరు, హోదా, ఆసుపత్రి, ఫోన్ నంబరు. ప్రతి సమావేశానికీ అలాంటిది ఒకటి తయారు చేస్తాం, గదుల కోసం, కార్ల కోసం. అందులో రహస్యమేమీ లేదు. ఆయనకు ఇచ్చాను. ఆయన హాల్లోంచి బయటికి వెళ్ళి తన మొబైల్‌తో ఫోను చేశారు. అద్దం తలుపు వెనక నుంచి చూస్తున్నాను. ఎవరో పలికారు. మొదట ఆయన హిందీలో మొదలుపెట్టారు, తరువాత ఆ సరిహద్దుకు రెండు వైపులా మాట్లాడుకునే భాషలోకి మారిపోయారు. నిలబడినవారు మెట్టు మీద కూర్చున్నారు. నా మినిట్స్ కాగితాన్ని తిరగేసి వెనక వైపు రాసుకోవడం మొదలుపెట్టారు. రాస్తూ ఒకచోట ఆగి, చేత్తో మొహం రుద్దుకున్నారు.

తిరిగి వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది.

"ఆవిడ ఆసుపత్రి నా ఆసుపత్రికి ఇరవై రెండు కిలోమీటర్లు" అన్నారు. "నేను ఆ జిల్లాలో పదకొండేళ్ళుగా ఉన్నాను. ఆవిడ గొంతు వినడం ఇదే మొదటిసారి." జాబితా నా చేతికి తిరిగి ఇచ్చారు. "ఈ నంబరు జూన్‌లో మీ దగ్గర ఉందా?"

"ఉంది సర్. టైపు చేసింది నేనే."

ఆయన తల ఊపారు. కోటు గుండీలు పెట్టుకున్నారు. రైలుకు వేళవుతోందని చెప్పి వెళ్ళిపోయారు. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. అనవలసిన పని ఆయనకు లేదు.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా, ఏ సమావేశమైనా సరే, సరిహద్దు జిల్లాల డాక్టర్ల పేర్లు, నంబర్లు ఒక్క పేజీలో కొట్టి, మొదటిరోజు పొద్దునే ఇరువైపులవాళ్ళ చేతుల్లో పెట్టేవాణ్ణి. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. త్రిపాఠిగారూ నీలిమగారూ ఆ మరుసటి ఏడాది నుంచి వారానికోసారి మాట్లాడుకునేవారని విన్నాను. జబ్బు పోలేదు, మరుసటి ఏడాది కూడా వచ్చింది. కబురు మాత్రం జబ్బు కన్నా ముందు చేరింది. ఇది చెబితే కొందరు మిత్రులు, చూశావా, చివరికి మంచే జరిగింది అంటారు. ఆ మాట నాకు గిట్టదు. సువర్ణ వార్డులో ఉన్న పిల్ల ఆ ముందటి ఏడాదిది.

ఇప్పుడు కొత్తగా చేరిన స్టెనోలు ఎవరైనా, మినిట్స్ బాగా రాయడం ఎలాగని అడుగుతుంటారు. నేను చాలాకాలం, సంతకం పెట్టేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాయడమే ఆ విద్య అనుకున్నాను. నా పద్నాలుగో పేరా ఆ ఇద్దరు నాయకులనూ నొప్పించలేదు, వర్మ సాబ్‌ను సంతోషపెట్టింది, నాకు మెప్పు తెచ్చింది. సంతకం పెట్టినవాళ్ళలో ఒక్కరూ దాన్ని మళ్ళీ చదివి ఉండరు. చదివినవాడు ఒక్కడే. ఎక్కడో జిల్లాలో కూర్చుని, కూరగాయలమ్మే మనిషి మాట నమ్మాలా వద్దా అని తేల్చుకోలేక ఆ కాగితం తెరిచాడు. అలాంటివాడు ఒకడు ఉంటాడని నాకు ఆ రోజు ఒక్క క్షణం కూడా తోచలేదు.